మూఢంలో వచ్చిన సర్వర్

2024 వేసవిలో నేను ఫిల్మ్ నగర్‌లోని ఒక పోస్ట్ ప్రొడక్షన్ స్టూడియోలో సిస్టమ్స్ మేనేజర్‌గా పనిచేస్తున్నాను. ఉద్యోగంలో నాకది ఆఖరి సంవత్సరం. షూటింగ్ అయిపోయిన సినిమాకి ఎడిటింగ్, డబ్బింగ్, రీరికార్డింగ్, చివరికి ఆ శబ్దాలన్నిటినీ పాళ్లు చూసి కలిపే మిక్సింగ్ జరిగే చోటు అది. సినిమా అంటే జనానికి కెమెరా గుర్తొస్తుంది. నాకు హార్డ్ డిస్కులు గుర్తొస్తాయి. హీరో అయినా, హీరో మీద పడే వాన అయినా చివరికి మా సర్వర్ గదిలోకి ఫైళ్లుగా రావలసిందే.

యజమాని తర్వాత స్టూడియోలో పెద్ద మేనేజర్ గోపాలం గారు. ఆయనకు నేను జవాబుదారీ. యంత్రాలు, నెట్‌వర్క్, బ్యాకప్ నా బాధ్యత. నా కింద సీనియర్ ఇంజినీర్ నరేందర్. అతనిది సిద్దిపేట వైపు, కుటుంబంతో కృష్ణానగర్‌లో కిరాయికి ఉండేవాడు. పనిమంతుడు, మాట తక్కువ. గోపాలం గారిది భీమవరం. ముహూర్తం చూడనిదే స్టూడియోలో కొత్త కుర్చీ కూడా వేయనిచ్చేవారు కాదు. మాది తెనాలి, క్రైస్తవ కుటుంబం. సర్వర్ మీద చెయ్యి వేసే ముందు కళ్లు మూసుకుని ఒక్క నిమిషం ప్రార్థన చేసుకోవడం నాకు అలవాటు. కనుక ఆయన ముహూర్తాలను ఎగతాళి చేసే అర్హత నాకు లేదు. నా నోరు మాత్రం ఊరుకునేది కాదనుకోండి. "గోపాలం గారూ, ఈ మౌస్‌కి లగ్నం ఎప్పుడు?" అని అడిగి నలుగురినీ నవ్వించిన రోజులున్నాయి.

ఆ ఏప్రిల్‌లో మా బ్యాకప్ సర్వర్‌ను మార్చాలని నిర్ణయమైంది. ప్రధాన స్టోరేజీలో పనిచేసే ఫైళ్లకు రోజూ నకలు తీసి దాచేదే బ్యాకప్ సర్వర్. పాతది ముసలిదైపోయింది. దాన్ని అమ్మకందారు మార్పిడి కింద తీసుకుపోయాడు. డిస్కుల అర మాత్రం మా దగ్గరే ఉంచి, కొత్తది రాగానే దానికి తగిలించాలి. ఆ పైన మొదటి పూర్తి బ్యాకప్ తీయాలి. అది అయ్యాక ఇన్‌స్టాలేషన్ కోసం వాడిన ఖాతాను మూసేసి, అన్ని ఎడిటింగ్ యంత్రాలకూ కొత్త సర్టిఫికెట్లు ఇవ్వాలి. సర్టిఫికెట్ అంటే యంత్రానికి గుర్తింపు కార్డు. ఎవరిచ్చారు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చెల్లుతుంది అన్నది దాని మీదే ఉంటుంది. బ్యాకప్ సర్వర్ ఆ కార్డు చూసి గాని ఏ యంత్రాన్నీ లోపలికి రానివ్వదు. ఈ వరస అంతా రాసిచ్చి, కంటి శుక్లం ఆపరేషన్‌కి సెలవు పెట్టాను. సర్వర్ రవాణాలో ఆలస్యమైందనీ, వచ్చాక నరేందర్ అంతా అమర్చాడనీ వెంగళరావు నగర్‌లో మా ఇంట్లో నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కూర్చుని ఫోన్‌లో విన్నాను.

సెలవు ముగించుకుని వెళ్లిన ఉదయం సర్వర్ గది బయట నేల మీద ఒక అమ్మాయి కూర్చుని ఉంది. పేరు శ్రావణి, హనుమకొండ నుంచి వచ్చింది. దర్శకురాలిగా తొలి సినిమా. ముందురోజు సాయంత్రం మా ప్రధాన స్టోరేజీలో రెండు డిస్కులు ఒకేసారి పోయాయి. ఒకటి పోతే తట్టుకుంటుంది, రెండు పోతే తట్టుకోదు. ఆమె సినిమా డబ్బింగ్ అంతా అందులోనే ఉంది.

డబ్బింగ్ పోతే మళ్లీ చెప్పించుకోవచ్చు కదా అనిపిస్తుంది. ఈ సినిమాలో ఆ వీలు లేదు. ముఖ్యమైన తండ్రి పాత్ర వేసిన పెద్దాయనకు గొంతులో క్యాన్సర్. స్వరపేటిక తీసేయాలన్నారు. ఆయన డాక్టర్లను బతిమాలి ఆపరేషన్ వాయిదా వేయించుకుని వచ్చి, వేడినీళ్లు తాగుతూ, పాత్ర మొత్తానికి మా థియేటర్లో డబ్బింగ్ చెప్పి వెళ్లారు. ఆ తర్వాత ఆపరేషన్ అయిపోయింది. ఆయనిక మాట్లాడలేరు. పాత సర్వర్ పోయి కొత్తది రాని రోజుల్లో జరిగిన డబ్బింగ్ అది. దాని నకలు కొత్త సర్వర్ తీసిన మొదటి బ్యాకప్‌లో తప్ప ఇంకెక్కడా లేదు.

విడుదల తేదీ ప్రకటించేశారు. ఆ సాయంత్రం నుంచే ఫైనల్ మిక్సింగ్. నిర్మాత సాయంత్రం దాకా చూస్తానన్నారు, దొరక్కపోతే మిమిక్రీ కళాకారుడితో చెప్పిస్తామన్నారు. అతన్ని అప్పటికే పిలిపించి కింద గదిలో కూర్చోబెట్టారు కూడా.

"ఆపరేషన్‌కి పోయేముందు ఆయనకు మాటిచ్చిన మేడమ్, వేరే గొంతు పెట్టనని. పెట్టినా ఆయన అడగలేడు. అందుకే ఇంకా భయమైతాంది" అంది శ్రావణి.

అప్పటికప్పుడు హామీ ఇవ్వడం నా వృత్తిలో తప్పు. "ఫైళ్లు లోపల ఉంటే తీస్తాను" అని మాత్రం చెప్పి గదిలోకి వెళ్లాను. తీయకుండా ఇంటికి వెళ్లకూడదని మాత్రం మనసులో గట్టిగా అనుకున్నాను.

నరేందర్ రాత్రంతా నిద్రపోలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. తంటా రెండు వైపులా ఉంది. మా యంత్రాల నుంచి సర్వర్‌లోకి వెళ్లబోతే సర్టిఫికెట్ చెల్లదంటోంది. సర్వర్ ముందే కీబోర్డు పెట్టుకుని లాగిన్ అవబోతే, సరైన పాస్‌వర్డ్ కొట్టినా తప్పంటోంది. నరేందర్ పాస్‌వర్డ్‌లు మార్చాడు. సర్టిఫికెట్లు రద్దుచేసి మళ్లీ ఇచ్చాడు. ఇచ్చిన ప్రతిదాన్నీ సర్వర్ తోసిపుచ్చింది. కొత్త సర్టిఫికెట్లు ఇచ్చిన రోజు నుంచే రోజువారీ బ్యాకప్‌లు కూడా ఆగిపోయాయి. కొత్త యంత్రం కదా, తొలినాళ్ల ఇబ్బందేమో అనుకుని అతను ఆ లోపాన్ని విడిగా వెతుకుతున్నాడు.

అమ్మిన కంపెనీ ఇంజినీరు ఫోన్‌లో ఉన్నాడు. సర్వర్‌ను ఫ్యాక్టరీ స్థితికి తెచ్చి, డిస్కులు మళ్లీ చేర్చుకుంటే గంటలో పని అయిపోతుందని అతని సలహా. మా బ్యాకప్‌లు తాళం వేసి దాచినవి. తాళంచెవి ఆ సర్వర్ లోపలే ఉంది. ఫ్యాక్టరీ స్థితికి తెస్తే తాళంచెవి పోతుంది, డిస్కులు మిగిలినా వాటిలో ఉన్నది చదవలేం. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు నాయనా అని చెప్పి ఫోన్ పెట్టేశాను. గోటితో పోతుందని నాకూ అప్పటికి తెలియదు. గొడ్డలి వద్దని మాత్రం తెలుసు.

లాగిన్, సర్టిఫికెట్ రెండూ ఒకేసారి చెడితే ఈ వృత్తిలో ఎవరైనా ముందు చూసేది గడియారాన్నే. సర్వర్ ముందుభాగంలో చిన్న తెర ఉంటుంది, అందులో గంటలూ నిమిషాలూ కనిపిస్తాయి. నా చేతి గడియారంతో పోల్చాను. సరిపోయింది. "టైమ్ చూసినవా?" అని నరేందర్ భాషలోనే అడిగాను. "టైమ్ కరెక్టే ఉంది మేడమ్" అన్నాడు. సరే, గడియారం సంగతి తేలిపోయిందనుకుని యంత్రాల పేర్లు, చిరునామాలు, సర్టిఫికెట్లు జారీచేసే మా సొంత సర్వర్ ఒక్కొక్కటీ చూసుకుంటూ పోయాను. ఎక్కడా వంక లేదు. మధ్యాహ్నమైంది. గోపాలం గారు రెండుసార్లు తలుపు దాకా వచ్చి, ఏదో చెప్పబోయి, "కాఫీ పంపమంటారా?" అని వెళ్లిపోయారు. ఆయన కాఫీ సంగతి పట్టించుకునే మనిషి కాదు. నాకు అప్పుడే అనుమానం రావలసింది.

లోపం ఎక్కడుందో వెతికి వెతికి విసిగి, పోనీ పనిచేస్తున్నది ఏమైనా ఉందా అని ప్రతి గదికీ తిరిగాను. ఎడిటింగ్ గదులన్నిటిలో అదే తిరస్కారం. డబ్బింగ్ థియేటర్లో ఒక పాత యంత్రం ఉంది. థియేటర్ ఎప్పుడూ ఖాళీ లేకపోవడంతో నరేందర్ దానికి కొత్త సర్టిఫికెట్ ఇవ్వలేదు. దానిలో ఫైళ్లేమీ ఉండవు, ఏ రోజువి ఆ రోజు ప్రధాన స్టోరేజీకి పంపేస్తారు. దాని నుంచి బ్యాకప్ సర్వర్‌ను తట్టాను. మారుమాట లేకుండా సర్టిఫికెట్‌ను ఒప్పుకుని లాగిన్ పేజీ చూపించింది. పాస్‌వర్డ్ దగ్గర మళ్లీ మొరాయించింది గాని, మొదటి గుమ్మం దాటింది.

కుర్చీలో కూర్చుని ఆలోచించాను. నిరుడు ఇచ్చిన సర్టిఫికెట్ చెల్లింది. ఈ వారంలో ఇచ్చినవి ఒక్కటీ చెల్లలేదు. మామూలుగా పాతవి చెడతాయి, ఇక్కడ కొత్తవి చెడుతున్నాయి. అంటే ఈ సర్వర్ దృష్టిలో ఆ కొత్త సర్టిఫికెట్లు ఇంకా పుట్టనేలేదు. లాగిన్ సంగతీ అంతే. మా నెట్‌వర్క్‌లో లాగిన్ అయ్యేవాడికి లోపల ఒక టికెట్ జారీ అవుతుంది, దాని మీద వేళ పడుతుంది. సర్వర్ గడియారానికీ ఆ టికెట్‌కీ కొద్ది నిమిషాలకు మించి తేడా ఉంటే ఒప్పుకోదు. రేపటి ఆటకి తీసిన టికెట్ పట్టుకుని ఇవాళ గేటు దగ్గర నిలబడితే రానిస్తారా? నేను చూసింది గంటలూ నిమిషాలూ మాత్రమే. ఆ చిన్న తెరలో తేదీ కనిపించదు.

సర్వర్ గదికి వెళ్లేసరికి గోపాలం గారూ అక్కడే ఉన్నారు. "నరేందర్, ఈ సర్వర్‌కి ఇవాళ ఏ తేదీ?" అని అడిగాను.

నరేందర్ గోపాలం గారి వైపు చూశాడు. గోపాలం గారు ఏసీ వైపు చూశారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం.

చివరికి నరేందరే నోరు విప్పాడు. కొత్త సర్వర్‌కి పంతులు గారు పెట్టిన ముహూర్తం ఏప్రిల్ చివర్లో. లారీ ఆలస్యమై సర్వర్ వచ్చేసరికి ఆ రోజు దాటిపోయింది, శుక్ర మూఢం మొదలైంది. మూఢంలో కొత్త పనులు మొదలుపెట్టరు. మళ్లీ మంచిరోజు రావాలంటే నెలలు ఆగాలి. బ్యాకప్ లేకుండా అన్నాళ్లు ఉండటం కుదరదని నరేందర్ మొత్తుకున్నాడు. అప్పుడు గోపాలం గారికి ఒక ఉపాయం తట్టింది. ముహూర్తం ఏ వేళకో సరిగ్గా అదే వేళకు, సర్వర్ వచ్చిన మర్నాడు ఉదయం కొబ్బరికాయ కొట్టి, సర్వర్‌లో తేదీని మాత్రం ముహూర్తం నాటికి వెనక్కి తిప్పించి, నెట్‌వర్క్ టికెట్ అక్కర్లేని ఇన్‌స్టాలేషన్ ఖాతాతో మొదటి బ్యాకప్ మొదలుపెట్టించారు. వేళ అదే కాబట్టి గంటల ముల్లుతో పని పడలేదు. నెట్‌వర్క్ నుంచి సమయం సరిచూసుకునే ఏర్పాటు తేదీని మళ్లీ ముందుకు తెస్తుందని దాన్ని ఆపించారు. మూఢం వెళ్లేదాకా కదపవద్దన్నారు.

"నిన్న రాత్రే నాకు డౌట్ వచ్చింది మేడమ్. తేదీ మారుద్దామంటే సార్ వద్దన్నడు. మీకు చెప్దామంటే... మీరు నవ్వుతరని."

గోపాలం గారు తల వంచుకుని, "మెయిన్ స్టోరేజీ కొన్నప్పుడు ముహూర్తం చూడకుండా తొందరపడి ఆన్ చేశామండీ. అదేమైందో చూశారుగా. ఇదైనా మంచిరోజున మొదలవ్వాలని..." అన్నారు. ఆయన గొంతులో భయం నిజమైనది. నాకు కోపం వచ్చింది, ఒళ్లు మండిపోయింది కూడా. నవ్వు మాత్రం రాలేదు. బయట ఆ అమ్మాయి నేల మీదే కూర్చుని ఉంది.

తేదీ దిద్దితే సరిపోతుందని నరేందర్ అప్పుడే సర్వర్ రీస్టార్ట్ చేయబోయాడు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. మా సర్వర్‌లో క్లీనర్ అనే ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. వారం దాటిన నకళ్లను తుడిచి డిస్కులో చోటు చేస్తుంది. సర్వర్ లెక్కలో మొదటి బ్యాకప్ వయసు ఇంకా వారం కాలేదు. తేదీని ఒక్కసారి ఇవాళ్టికి తెస్తే ఆ బ్యాకప్ గడువు దాటిపోతుంది, సర్వర్ లేవగానే క్లీనర్ దాన్ని తుడిచేస్తుంది. క్లీనర్‌ను ఆపుదామంటే లాగిన్ కావాలి. లాగిన్ కావాలంటే తేదీ దిద్దాలి. రాత్రి గోపాలం గారు వద్దనకపోయి ఉంటే నరేందర్ తేదీ దిద్దేవాడు, ఆ పెద్దాయన గొంతు అప్పుడే పోయేది. ఆయన వద్దన్నది మూఢం కోసమే అయినా, మేలు జరిగిన మాట నిజం.

ఒకటే దారి ఉంది. సర్వర్‌ను పూర్తిగా ఆపి, డిస్కుల అరకు వెళ్లే కేబుల్ పీకేయాలి. అర లేకుండా సర్వర్‌ను లేపి తేదీ దిద్దాలి. తుడవడానికి ఏమీ లేని ఇంట్లో క్లీనర్ ఏం తుడుస్తుంది? లాగిన్ అయి దాన్ని ఆపేసి, మళ్లీ సర్వర్ ఆపి, కేబుల్ తగిలించి లేపాలి.

"ఆపడమా?" గోపాలం గారు అడ్డంగా నిలబడ్డారు. "ఆపి మళ్లీ పెడితే మూఢంలో మొదలుపెట్టినట్టే కదండీ!"

మేనేజర్ ఆయన. ఆయన కాదంటే నేను యజమానికి ఫోన్ చేయాలి, యజమాని విదేశంలో ఉన్నారు. సాయంత్రానికి ఎంతో వ్యవధి లేదు. అరిచి లాభం లేదనిపించింది. "గోపాలం గారూ, సినిమాకి ముహూర్తం షాట్ తీశాక మధ్యాహ్నం జనరేటర్ ఆగిపోయిందనుకోండి. మళ్లీ ముహూర్తం పెట్టిస్తారా?" అని అడిగాను.

"పెట్టించమండీ. బాగుచేయించి షూటింగ్ చేసుకుంటాం."

"మరి ఇదీ అంతేగా. కొబ్బరికాయ మీరు కొట్టేశారు. ఇప్పుడు జరిగేది రిపేరు."

"రిపేరుకి మూఢం లేదులెండి" అని పక్కకు జరిగారు. పోతూ పోతూ సర్వర్ మీద ఉన్న ఎండిన పూలదండ తీసి జేబులో పెట్టుకున్నారు.

సర్వర్ ఆపాము. కేబుల్ నేనే పీకాను, ఆ పని మరొకరికి అప్పగించ బుద్ధి కాలేదు. లేచేటప్పుడు వచ్చే సెటప్ తెరలో తేదీ చూస్తే ఏప్రిల్‌లోనే ఉంది. నరేందర్ దిద్దాడు. కాసేపటికి లాగిన్ తెర వచ్చింది. నా పాస్‌వర్డ్ కొట్టాను. తీసుకుంది. పొద్దున్నుంచీ తోసిపుచ్చిన సర్టిఫికెట్లను ఒక్కటీ మార్చకుండానే వరసగా ఒప్పుకుంది. క్లీనర్‌ను ఆపి, ఆగిందని ఇద్దరం విడివిడిగా చూసుకుని, మళ్లీ సర్వర్ ఆపి కేబుల్ తగిలించాము. అర మీద ఆకుపచ్చ దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. మొదటి బ్యాకప్ జాబితాలో కనిపించింది.

ఫైళ్లు వచ్చాయంటే సరిపోదు, తెరుచుకోవాలి. బ్యాకప్ విజయవంతమని తెర మీద వచ్చిన ఫైల్ కూడా ఖాళీగా ఉన్న సందర్భాలు నేను చూశాను. అందుకని శ్రావణిని లోపలికి పిలిచి, పెద్దాయన ట్రాక్‌లలో ఒకటి లాప్‌టాప్‌లో పెట్టమన్నాను. ముందు సన్నని దగ్గు వినిపించింది. తర్వాత గ్లాసు కింద పెట్టిన చప్పుడు. ఆపైన ఆయన గొంతు: "ఇది అంత కుదర్లేదమ్మా. ఇంకోటి చేద్దాం, ఉన్నాను కదా."

శ్రావణి లాప్‌టాప్ మూసేసి, దాని మీద తల పెట్టి గట్టిగా ఏడ్చింది. నరేందర్ బయటికి వెళ్లిపోయాడు. గోపాలం గారు గోడకు ఆనుకుని అలాగే నిలబడ్డారు. నా కళ్లు కూడా ఆగలేదు, ఆపరేషన్ అయిన కంట్లో నీళ్లు రాకూడదని డాక్టర్ చెప్పినా సరే. ఆ సాయంత్రం మిక్సింగ్ అనుకున్న సమయానికే మొదలైంది. కింద కూర్చున్న మిమిక్రీ కళాకారుడు సంగతి విని, పైకి వచ్చి ఆ ట్రాక్ ఒక్కసారి వినిపించమని అడిగి, విని, దణ్ణం పెట్టి వెళ్లాడు.

అన్నీ దక్కలేదు. కొత్త సర్టిఫికెట్లు ఇచ్చాక ఆగిపోయిన బ్యాకప్‌ల వల్ల మరో సినిమాకి ఆ రోజుల్లో చేసిన ఎఫెక్ట్స్ పని పూర్తిగా పోయింది. ఆ విభాగం వాళ్లు మొదటి నుంచి మళ్లీ చేశారు. నా నివేదికలో జరిగింది జరిగినట్టు రాసి, ముందుగా గోపాలం గారికే చూపించాను. ఆయన ఒక్క మాట కూడా మార్చమనలేదు. ఇకపై సర్వర్ తేదీ మార్చాలంటే ఇద్దరి సంతకాలు ఉండాలన్న నియమాన్ని ఆయనే చేర్చారు.

ఆ తర్వాత ఎక్కడ ఏ లోపం వెతికినా, ఏది చెడిందని చూసే ముందు ఏది ఇంకా పనిచేస్తోందని చూడటం అలవాటు చేసుకున్నాను. పనిచేస్తున్నదే దారి చూపిస్తుంది. అది సాంకేతికమైన పాఠం, పుస్తకాల్లోనూ దొరుకుతుంది.

పుస్తకాల్లో లేనిది ఇంకొకటి ఉంది. ఆ రోజు ఉదయం నేను గదిలో అడుగుపెట్టేటప్పటికే జవాబు తెలిసినవాళ్లు ఇద్దరు అక్కడ ఉన్నారు. యంత్రం వాళ్ల నోరు కట్టలేదు. నేను నవ్వుతానన్న భయమే కట్టింది. యంత్రం చెప్పని సంగతి మనిషి దగ్గర ఉంటుంది. అది బయటికి రావాలంటే అడిగేవాళ్లు నవ్వరన్న నమ్మకం ముందే కుదిరి ఉండాలి. ప్రమాదం వచ్చిన రోజున కుదుర్చుకుందామంటే కుదరదు.